పాకలో నాటకము, పందిటిలో పెండ్లి

1880వ సంవత్సరమున ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరము వచ్చి, పాక వేసి, తెరలు కట్టి, కొన్ని నాటకములాడి వెళ్ళినారు. వారు వెళ్ళిన తరువాత పాక మిగిలినది. ఖాళీపాకను చూచినవారిలో ఒకరికి వెదురు గుర్తుకు వచ్చియుండును, మఱియొకరికి తాటాకు గుర్తుకు వచ్చియుండును. ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితులుగానున్న కందుకూరి వీరేశలింగము పంతులుగారికి తమ విద్యార్థులు గుర్తుకు వచ్చినారు. షేక్‌స్పియరు వ్రాసిన ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు తాము తెలుగున కూర్చిన ‘చమత్కార రత్నావళి’ని వారిచేత అక్కడ ఆడించినారు. తాము స్వతంత్రముగా వ్రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ని కూడ ఆ సంవత్సరముననే వారిచేత ఆడించినారు. తెలుగున ఆధునిక నాటక ప్రదర్శనమునకు ఇవియే తొలి యడుగులని చరిత్రకారులు చెప్పుదురు. పంతులుగారి జన్మదినమైన ఏప్రిల్ 16ను నేడు తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు దండలు పంతులుగారికి పడుచున్నవి. అది న్యాయమే. కాని వేషములు కట్టిన పిల్లల సంగతి మన మెవ్వరము తలచుకొనుట లేదు.

ఆ పిల్లల సంగతియే ఈ వ్యాసమునకు విషయము. నాటకము చూచినవారిని మార్చునా, మార్చదా అని మనము నూఱేండ్లుగా తర్కించుచున్నాము. ఆడినవారిని ఏమి చేయును? ఈ ప్రశ్నను పాఠము చెప్పువారును, చెప్పించుకొనువారును అడుగుకొనదగును.

‘వ్యవహార ధర్మబోధిని’కి ‘ప్లీడరు నాటకము’ అని మఱియొక వాడుక పేరు. కచేరీలలో జరుగు కపటములు, కట్టుసాక్ష్యములు, తెలియనివాని ముల్లె వకీలు చేతికి చేరు మార్గములు అందు కానవచ్చును. ఈ విషయములనే పంతులుగారు 1874లో స్థాపించిన తమ ‘వివేకవర్ధని’ పత్రికలో అంతకు ముందునుండియు వ్రాయుచుండిరి. అయినను ఆ కాలమున పత్రిక చదువగలిగినవా రెందఱు? వ్యాజ్యములో భూమి పోగొట్టుకొన్న రైతు ‘వివేకవర్ధని’ చందాదారుడు కాడు. వానికి చెవులున్నవి, కన్నులున్నవి. నాటకమునకు ఆ రెండును చాలును.

భాష విషయము కూడ ఇచ్చట గమనింపదగినది. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో విడిచిన విగ్రహ సంధి తంత్రములను ఆయన శైలిలోనే పూర్తిచేసిన వ్యాకరణదక్షుడు, ప్లీడరు నాటకమునకు వచ్చుసరికి వకీలును వకీలు మాటలోను, పల్లెవానిని పల్లెమాటలోను మాటలాడించినారు. పండితుడు వీధిలోనికి దిగినాడు. (ఈ మాటను ఇట్టి భాషలో వ్రాయుచున్నందులకు చదువరులు నవ్వుకొన్నను నాకు ఆక్షేపణ లేదు. ముప్పదియేండ్ల అలవాటు.)

ఇప్పుడు వేషము కట్టిన విద్యార్థిని ఒక్కసారి భావింపుడు. వాడు మఱి నాలుగేండ్లకు తానే వకీలు కాదగినవాడు. ఆ కాలపు ఆంగ్ల విద్యకు పరమగమ్యములు రెండే: సర్కారు కొలువు, కచేరీలో నల్లకోటు. తాను రేపు కాబోవు మనిషి వేషమును వాడు నేడు కట్టవలెను. సాక్షికి పాఠము నేర్పు పద్ధతిని, కక్షిదారుని ముందు ముఖము గంభీరముగా పెట్టి చేయి వెనుకకు చాచు విధమును వాడు అభ్యసింపవలెను. ఎదుట కూర్చున్న జనము తన్ను చూచి నవ్వుచుండగా ఆ నవ్వును వాడు భరింపవలెను. లంచము పాపమని పుస్తకములో చదివి పరీక్షలో వ్రాసినవానికి ఈ యనుభవము కలుగదు. వ్రాసినవానికి మార్కులు వచ్చును; ఆడినవానికి సిగ్గు వచ్చును. ఆ సిగ్గు ఎన్నాళ్ళు నిలుచునన్నది వేఱుమాట.

పంతులుగారి శిష్యులయందు అది కొన్నాళ్ళైనను నిలిచినదనుటకు నిదర్శనము 1881 డిసెంబరు 11వ తేదీ.

వితంతువుల పునర్వివాహము చెల్లునని శాసనము 1856లోనే వచ్చినది. పాతికేండ్లు గడచినను ఆ శాసనము తెలుగునాట కాగితముపైననే యున్నది. పెండ్లికి శాసనము చాలదు. వరుడు కావలెను, వధువు కావలెను, పురోహితుడు కావలెను, వండువారు, వడ్డించువారు, అన్నిటికిని మించి వచ్చి కూర్చుండి భోజనము చేయువారు కావలెను. పంతులుగారు 1879లో ఈ విషయమై ఉపన్యాసము లారంభించినది మొదలు రెండేండ్లపాటు జరిగిన పోరాటమంతయు ఈ వచ్చి కూర్చుండువారి కొఱకే. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చినారు. గోగులపాటి శ్రీరాములు వరుడు, గౌరమ్మ వధువు. పెండ్లి పంతులుగారి యింటనే జరిగినది. వంటవారు రామన్నారు. నీళ్ళు మోయువారు మానుకొన్నారు. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెలతో నీళ్ళు తెచ్చి వంట చేసినారు. వీధిలో అల్లరి జరుగునన్న భయముండెను. పోలీసుల సాయము కూడ కావలసివచ్చినది. అప్పుడు పంతులుగారి విద్యార్థులు వచ్చి కాపుగా నిలిచినారు.

ఆ నిలిచినవారి యందు నాటకమున వేషము కట్టిన వా రెందఱో లెక్క లేదు. ఒకే బడి, ఒకే గురువు, నడుమ గడచినది ఒక్క సంవత్సరము. జనము ఎదుట నిలుచుట, జనము నవ్విన చెదరకుండుట, మాట తప్పక చెప్పుట, పక్కవాడు తడబడిన అందుకొనుట—ఈ విద్య వారి బడిలో నాటకము పేరిట నేర్పబడినది. పాకలో కావలసిన ధైర్యమును, పందిటి గుమ్మమున కావలసిన ధైర్యమును ఒక జాతివే. పాకలో తెర పడిన పిమ్మట ఇంటికి పోవచ్చును. పందిటినుండి ఇంటికి పోయిన పిమ్మటనే అసలు నాటకము మొదలగును. తండ్రి గుమ్మమున నిలుచుండును, తల్లి యేడ్చుచుండును.

వెలి పడినది. పీఠాధిపతులనుండి బహిష్కార పత్రములు వచ్చినవి. పందిటికి వచ్చి తాంబూలము పుచ్చుకొన్నవారిలో పలువురు ప్రాయశ్చిత్తములు చేసికొని కులములో కలసినారు. వారిని నిందించుట నాకు రుచింపదు. ఇంటిలో పెండ్లికావలసిన చెల్లెలున్న యువకుని సంకటము వాని కెఱుక. పంతులుగారు తమ జీవితకాలమున జరిపించిన వితంతు వివాహములు 40 వఱకు నని చెప్పుదురు. పెద్దసంఖ్య కాదు. ఒక్కొక్క పెండ్లి వెనుకను పంతులుగారు ఆ దంపతులకు ఇల్లు చూపుట, వరునికి కొలువు వెదకుట, వారి బిడ్డల సంగతి చూచుట మొదలైన పనులున్నవని గ్రహించినవారికి అది చిన్నసంఖ్యగాను తోపదు. ఉపన్యాసమిచ్చి చేతులు దులుపుకొను గురువు వేఱు, ఉపన్యాసము ముగిసిన మఱునాటినుండి పని మొదలిడు గురువు వేఱు.

ఈ రెండు తెగల గురువులను మన సాహిత్యమున ఒకే గ్రంథమున పక్కపక్కన నిలిపి చూపినవారు గురజాడ అప్పారావుగారు. విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు 1892లో ‘కన్యాశుల్కము’ను తొలిసారి ప్రదర్శించినారు. అది అచ్చయినది 1897లో, రూపు మార్చుకొని మరల వెలువడినది 1909లో. ఆనందగజపతి మహారాజు తయారు చేయించిన పట్టికను బట్టి విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో 1034 కన్యాశుల్క వివాహములు జరిగినవని గురజాడవారు పీఠికలో వ్రాసినారు. అందఱును ఎఱిగిన నాటకమే. తరగతిలో గిరీశము పేరెత్తిన చాలును, వెనుక బెంచీలుకూడ మేలుకొనును.

గిరీశమును మనము హాస్యపాత్రగా చెప్పి విడిచిపెట్టుచున్నాము. ఆయన వృత్తి యేమి? వెంకటేశమునకు చదువు చెప్పుట. అనగా ఆయన గురువు. సంఘసంస్కారము, వితంతు వివాహము, వేశ్యాసమస్య—అన్నిటిమీదను ఉపన్యసింపగలడు. శిష్యునకు చుట్ట కాల్చుటయు, ఇంగ్లీషు ముక్కలు విసరుటయు నేర్పినాడు. శిష్యుడు పరీక్ష తప్పినాడు. గిరీశము నోట సంస్కరణము ఒక అలంకారము. వీరేశలింగముగారి యుద్యమము పుట్టిన పదునైదు ఇరువదియేండ్లలోపలనే దాని మాటలు నేర్చి, దాని పనిని తప్పించుకొను మనిషి తయారైనాడని గురజాడవారు గుర్తించినారు.

ఆ నాటకముననే మఱియొక గురువున్నాడు. ఆయనను మన ప్రశ్నపత్రములు అంతగా పట్టించుకొనవు. కరటకశాస్త్రి. రాజుగారి నాటకశాలలో విదూషకుడు. ఆయనకొక శిష్యుడు, మహేశము. మేనకోడలు సుబ్బిని డబ్బు పుచ్చుకొని ముసలివాడైన లుబ్ధావధానులకు కట్టబెట్టబోవుచున్నారని తెలిసినప్పుడు కరటకశాస్త్రి ఉపన్యాసమీయలేదు. శిష్యునికి ఆడవేషము వేసి, పెండ్లికూతురని నమ్మించి, సుబ్బికి మాఱుగా ఆ ముసలివానికే కట్టబెట్టినాడు. సుబ్బి బ్రదికినది. ఆమెను బ్రదికించినది శాసనము కాదు, సభ కాదు. ఒక గురువు, ఒక విద్యార్థి, ఒక వేషము. ఆ పిల్లవాడు ముసలివానిచేత మెడలో పుస్తె కట్టించుకొని, ఆ యింట కాపురముండి, సమయము చూచి తప్పించుకొని రావలసివచ్చినది. అదంతయు మనకు నవ్వు పుట్టించును. పట్టుబడినచో వాని గతి యేమగునో ఆలోచించినచో నవ్వు కొంత తగ్గును. గిరీశము శిష్యుడు సంస్కరణమును గుఱించి వినినాడు. కరటకశాస్త్రి శిష్యుడు దానిని చేసినాడు, అదియును నాటకములోపల నాటకమాడి. మన భాషలో నాటకము యొక్క ప్రయోజనమును గుఱించి ఇంతకంటె చక్కగా చెప్పిన శాస్త్రగ్రంథమేదియు నా యెఱుకలో లేదు.

గురువు పట్టుకొని నాటకములోనికి దింపిన విద్యార్థి పిదప ఏమగునో ముందుగా చెప్పలేము. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు ఒంగోలు బడిలో ఉపాధ్యాయులు. టంగుటూరి ప్రకాశమను పేదపిల్లవానిని చేరదీసి, తమతో రాజమహేంద్రవరము తీసికొనిపోయి చదివించినారు. నాయుడుగారికి నాటకములపై మక్కువ. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిచేత నాటకములు వ్రాయించినారు; ప్రకాశముచేత ఆడువేషములు వేయించినారు. ‘గయోపాఖ్యానము’ పుట్టినది ఆ వాతావరణముననే. అవి పురాణ నాటకములు. సంఘసంస్కారము కొఱకు ఆడినవి కావు. అయినను రంగస్థలమున ఆడువేషము కట్టి వేలజనము ఎదుట నిలిచిన ఆ బాలుడు 1946లో మదరాసు రాష్ట్రమునకును, 1953లో ఆంధ్రరాష్ట్రమునకును ముఖ్యమంత్రి యైనాడు. చిలకమర్తివారు అంటరానివారని సంఘము దూరముంచిన పిల్లలకై రాజమహేంద్రవరమున పాఠశాల పెట్టినారు. పంతులుగారి ప్రభావములో పెరిగిన రాయసము వెంకటశివుడుగారు స్త్రీలకొఱకు ‘జనానా’ పత్రిక నడపినారు. ఆయన ‘ఆత్మచరిత్రము’ను ఉపాధ్యాయ మిత్రులు తప్పక చదువవలెను. ఒక విద్యార్థి గురువును ఎట్లు చూచునో, ఎంత నిశితముగా చూచునో అందు కానవచ్చును. మనము హాజరుపట్టీలో వారిని చూచుచున్నామనుకొందుము. వారు మనలను చూచుచుందురు.

నేటి సంగతికి వత్తును. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 20 మొదలు 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో 18 నిండకముందే పెండ్లి జరిగినవారు దేశము మొత్తముమీద నూటికి 23.3. తెలంగాణమున 23.5. ఆంధ్రప్రదేశమున 29.3. వీరేశలింగముగారు పుట్టిన నేలమీద, బాల్యవివాహ నిరోధ శాసనము 1929లో ఒకసారియు, 2006లో మరల గట్టిగాను వచ్చిన పిమ్మట, ఈ లెక్క. 1856 శాసనమువలెనే ఇదియును మనుష్యులకొఱకు వేచియున్నది.

కళాశాలలలో నాటికలకు కొదవ లేదు. యువజనోత్సవములలో ఏకాంకికల పోటీ, మూకాభినయము పోటీ, హాస్యనాటిక పోటీ ఏటేట జరుగుచున్నవి. జాతీయ సేవాపథకము 1969లో మొదలైనది మొదలు మన విద్యార్థులు గ్రామ శిబిరములలో వీథినాటకము లాడుచున్నారు. మంచిదే. న్యాయనిర్ణేతగా పలుచోట్ల కూర్చుండి చూచినవాడను గనుక ఒక మాట చెప్పవలసియున్నది. కట్నముమీద నాటిక లేని పోటీని నే నింతవఱకు చూడలేదు. వధువు తండ్రి వేషము కట్టిన యువకుడు ఏడ్చును, ఏడ్పించును, బహుమతి పుచ్చుకొనును. కట్న నిషేధ శాసనము 1961 నుండి యున్నది. ఆ యువకునికే రెండేండ్లకు కొలువు దొరకును, పెండ్లి కుదురును. కట్నము సంగతి అడిగిన “మా పెద్దవాళ్ళ ఇష్టం సార్” అనును. వేషము వానిని తాకలేదు. ఏలయన అది బహుమతి కొఱకు కట్టిన వేషము, నాటిక ముగిసిన పిమ్మట వానిని అడుగువారు లేరు. అడుగవలసినవాడు గురువు. గురువు ఆనాటికే వచ్చేయేటి పోటీకి కొత్త నాటిక వెదకుచుండును.

అడుగువారు ఒక్కొక్కసారి వేఱుచోటనుండి వత్తురు. కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాల విద్యార్థులతో గోదావరి లంకలలోని ఒక గ్రామమున వారము దినముల శిబిరమునకు పోయితిని. పిల్లలు తామే వ్రాసికొన్న చిన్న వీథినాటిక ఆడినారు. ఇంటరు మొదటి యేడు చదువు బాలికను బడి మాన్పించి పెండ్లి చేయబోవుట అందలి కథ. రామాలయము ముందు అరుగుమీద ఆట జరిగినది. డప్పు బాగుగా కుదిరినది. చివర అందఱిచేతను ప్రతిజ్ఞ చేయింపవలెనని మావారి సంకల్పము. ప్రతిజ్ఞ మొదలు కాకముందే ముందువరుసలోని యొక ముసలమ్మ లేచినది.

“బాగానే ఆడార్రా అబ్బాయిలూ. రేపు నిజంగా ఆ పిల్లని మానిపించేసి ఇంటో కూకోబెడితే ఎవరొచ్చి అడుగుతారు? మీరు ఎల్లుండి బస్సెక్కేస్తారు గదా?”

విద్యార్థులు నావంక చూచినారు. నేను డప్పువంక చూచితిని. ప్రతిజ్ఞ ఆనాడు జరుగలేదు.

శిబిరము ముగిసిన పిమ్మట మావాళ్ళు ముగ్గురు, ఇద్దఱు బాలురును ఒక బాలికయు, ఆదివారములు ఆ యూరికి పోవుట మొదలిడినారు. పదవ తరగతి బాలికలకు లెక్కలును ఇంగ్లీషును చెప్పుట పైకి చెప్పిన పని. నిజమైన పని వేఱు. ఏ బాలిక రెండువారములుగా రాలేదో గమనించుట, వారింటికి పోయి అరుగుమీద కూర్చుండి మంచినీళ్ళు త్రాగి వచ్చుట, జూనియరు కళాశాల దరఖాస్తును, వసతిగృహము దరఖాస్తును తండ్రిచేత దగ్గరుండి నింపించుట. ఒక బాలిక పెండ్లి ఆగినది. ఆమె చదువు సాగినది. మఱియొక బాలిక తాతగారికి జబ్బు చేసినది. ఆయన కన్నుమూయకముందే చూడవలెనని వేసవిలో పెండ్లి చేసివేసినారు. ఆ సంగతి తెలిసిన వారము మావాళ్ళు రిహార్సలుకు వచ్చి, పావుగంట ఊరకుండి, వెళ్ళిపోయినారు. పై ఆదివారము మరల ఆ యూరికే పోయినారు.

1098 అను టెలిఫోను సంఖ్యకు ఎవరైనను ఫోను చేయవచ్చునని, పెండ్లిని ఆపుటకు అధికారులున్నారని మేము నాటికలో చెప్పితిమి. చెప్పవలసినదే. కాని పెండ్లిపందిటికి పోలీసుతో వచ్చు అపరిచితునికిని, ఆఱుమాసములుగా అరుగుమీద కూర్చుండి లెక్కలు చెప్పిన “అక్క”కును గ్రామములో భేదమున్నది. అక్క ముందు తండ్రి అబద్ధమాడుటకు సందేహించును. బాలిక నిజము చెప్పుటకు సందేహింపదు. శాసనమునకు కాలును చేయియు కావలసిన తావున ఈ “అక్క”యే కావలెను. ఆమెను తయారు చేయుట కళాశాల పనియని నా యభిప్రాయము. నాటకము ఆమెకు ఆ గ్రామములోనికి తలుపు తెఱచినది. అంతే. లోపలికి పోవుట, లోపల నిలుచుట ఆమె పని.

వీథినాటకమును కొందఱు ఉత్తరాదినుండి వచ్చిన కొత్త ప్రక్రియ యనుకొనుచున్నారు. ఢిల్లీలో జన నాట్యమంచ్ 1973లో పుట్టిన మాట నిజము. కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకుడుగా పనిచేసిన సఫ్దర్ హష్మీ దానికి ప్రాణమై, 1989 జనవరి 1న నాటకమాడుచుండగా దెబ్బలు తిని, మఱునాడు మరణించినాడు. జనవరి 4న ఆయన భార్య మొలొయశ్రీ ఆ సమాజముతో ఆ చోటికే పోయి, ఆగిన నాటకమును పూర్తిచేసినది. ఆయన జన్మదినము ఏప్రిల్ 12, పంతులుగారి జన్మదినమునకు నాలుగుదినములు ముందు. కళాశాలలలో ఆ వారమును నాటకవారముగా చేసికొనవచ్చును. పరీక్షల కాలమని ప్రిన్సిపాలుగారు అందురు. నిజమే.

అయినను వీథిలో ఆడుట మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో బంగారక్కయు, జుట్టుపోలిగాడును రామాయణము నడుమ చొరబడి, ఊరి మునసబుమీద చెణుకు విసరి పోవుచుండెడివారు. బుఱ్ఱకథలో కథకునికి ఇరుప్రక్కల ఇద్దఱు వంతలు. ఒకరు హాస్యము చెప్పుదురు, రెండవవారు వర్తమాన విషయములపై, రాజకీయములపై వ్యాఖ్యానింతురు. కథ పాతది, వ్యాఖ్య నేటిది. విద్యార్థులకు ఇంతకంటె అనువైన అచ్చు దొరకునా? పెండ్లి ఆపుటకు ఫోను చేయుడని కథకుడు చెప్పినచో ప్రకటన వలె నుండును. వంత అడ్డుపడి “ఫోనులో చార్జింగు లేదు” అన్నచో జనము నవ్వుదురు, పిదప ఆలోచింతురు. పట్టణమునుండి నకలు చేసి తెచ్చిన నినాదముల నాటికలకంటె ఇది మేలని నా యనుభవము. పిల్లలకు గొంతు నొప్పియు తక్కువ.

బాలికల మాట ఒకటి చెప్పక తప్పదు. రాజమహేంద్రవరపు పాకలో ఆడినవారందఱును బాలురు. కన్యాశుల్కములో సుబ్బిని తప్పించినవాడును చీర కట్టిన బాలుడే. స్త్రీల దుఃఖమును గుఱించిన మన నాటకచరిత్రలో తొలి యధ్యాయములు స్త్రీలు లేకయే నడచినవి. నేడు కళాశాల రంగస్థలమున బాలిక తన పాత్రను తానే ధరించుచున్నది. ఇది సామాన్యమైన మార్పు కాదు. అయినను రిహార్సలు సాయంకాలము ఆఱు దాటిన ఇంటినుండి ఫోను వచ్చును. సగము సంభాషణలో ఆమె సంచి తీసికొని వెళ్ళును. కావున మధ్యాహ్నము రిహార్సలు పెట్టుకొనుడని తోటి అధ్యాపకులకు నా విన్నపము. కాలనిర్ణయ పట్టికలో గంట దొరకదందురు. దొరకించుకొనవలెను. నాటికలో స్త్రీస్వాతంత్ర్యమును గుఱించి బాలురే మాటలాడుకొని ముగింపవలసిన గతి పట్టినచో గిరీశముగారు వచ్చి అధ్యక్షత వహింపగలరు.

పాఠశాలలలో పనిచేయుచున్న మిత్రులు “ఇవి కళాశాలవారి వైభవములు, మాకెక్కడ?” అనవచ్చును. తొమ్మిదవ తరగతికి పూర్తి నాటకము అక్కఱలేదు. తమ వీథిలో చూచిన ఒక తగవును ఐదు నిముషములు ఆడి చూపుమనుడు. ఎవరి పక్షము ఎవరు వహించిరో మార్చి, మరల ఆడుమనుడు. అప్పు ఇచ్చినవాని వేషము కట్టినవాడు ఈసారి అప్పు తీసికొన్నవాని వేషము కట్టును. ఆ రెండవ ఆటలో పిల్లవాని గొంతు మాఱుట మీరే వినగలరు. మన పని అంతకు మించి లేదు. సంభాషణలు మనము వ్రాసి యిచ్చితిమా, అవి మన సంభాషణలే యగును.

‘వ్యవహార ధర్మబోధిని’ పంతులుగారి గ్రంథసంపుటములలో నున్నది. నేడు దానిని పరిశోధకులు తిరగవేయుదురే కాని ఎవ్వరును ఆడుట లేదు. మా రెండవయేటి విద్యార్థులచేత దానిని చదివించుచున్నాను. కచేరీ పదములు కొన్ని వారికి తెలియవు. మిగిలినదంతయు తెలియుననుచున్నారు. ఈ యేడు దానిని కోర్టు వీథిలోనే, వకీళ్ళు టీ త్రాగు వేళకు, ఆడింపవలెనని యున్నది. వారు కోపపడుదురో, నవ్వుదురో చూడవలెను.